పద్దు ఎవరి చేతిలో ఉంది? బలహీన రాజ్యాల్లో సాంకేతికత చేసే మేలు, తెచ్చే ముప్పు

1991 జనవరిలో సియాద్ బర్రే ప్రభుత్వం కూలిపోయాక సోమాలియా కేంద్ర బ్యాంకు మళ్లీ నోట్లు అచ్చు వేయలేదు. అయినా నోట్లు చలామణిలోనే ఉన్నాయి. ప్రాంతీయ పాలకులూ వ్యాపారులూ ఎవరికి వారు అచ్చు వేయించుకున్న వెయ్యి షిల్లింగుల నోటు ఒక్కటే చివరికి బజారులో మిగిలింది. దేశంలో తిరుగుతున్న స్థానిక కరెన్సీలో సుమారు 98 శాతం నకిలీదేనని అంతర్జాతీయ ద్రవ్య నిధి అంచనా వేసింది. డాలరుకు ఇరవై వేలకు పైగా షిల్లింగులు ఇవ్వవలసి వచ్చే ఆ దేశంలో నోట్లను కట్టలుగా లెక్కపెట్టి మోసుకుపోవడం మామూలు విషయం. అదే సోమాలియాలో 2018 నాటికి 16 ఏళ్లు దాటినవారిలో 73 శాతం మంది మొబైల్ ఫోను ద్వారా డబ్బు ఇచ్చిపుచ్చుకుంటున్నారనీ, నెలకు సుమారు 15.5 కోట్ల లావాదేవీల్లో 270 కోట్ల డాలర్లు చేతులు మారుతున్నాయనీ ప్రపంచ బ్యాంకు అధ్యయనం తేల్చింది. పోలీసు స్టేషను, కోర్టు, జనన ధ్రువపత్రం సరిగా అందుబాటులో లేని చోట, ప్రపంచంలోనే అత్యంత విస్తృతమైన మొబైల్ చెల్లింపుల వ్యవస్థల్లో ఒకటి నిలబడింది.

బలహీన రాజ్యాల అభివృద్ధికి సమాచార సాంకేతికత ఎంతవరకు తోడ్పడగలదన్న ప్రశ్నకు సోమాలియా కంటే మంచి పరీక్షాస్థలం దొరకదు. దేశం మొత్తం మీద ప్రభుత్వ ఆజ్ఞ చెల్లకపోవడం, పన్ను వసూలు చేయలేకపోవడం, చేసిన ఖర్చుకు లెక్క చూపలేకపోవడం, ప్రాణరక్షణకు హామీ ఇవ్వలేకపోవడం ఇలాంటి రాజ్యాల లక్షణాలు. ప్రపంచ బ్యాంకు ఏటా ఈ దేశాల జాబితా ప్రకటిస్తుంది. దాతలు ఆ దేశాలకు యాప్‌లు, డాష్‌బోర్డులు, వేలిముద్రల యంత్రాలు పంపుతున్నారు. వీటిలో కొన్ని నిజంగా ప్రాణాలు నిలిపాయి, కొన్ని అమాయకుల ప్రాణాల మీదకు తెచ్చాయి. ఈ తేడాకు కారణం యంత్రంలో దొరకదు. యంత్రంలో నమోదైన పద్దు ఎవరి అధీనంలో ఉంది, అందులో తప్పు జరిగితే ఎవరు జవాబు చెబుతారు అన్న రెండు విషయాల దగ్గరే దొరుకుతుంది.

ముందుగా సోమాలియా చెల్లింపులు ఎలా పుట్టాయో చూడాలి. తనను తాను స్వతంత్ర దేశంగా ప్రకటించుకున్న సోమాలీలాండ్‌లో టెలిసోమ్ కంపెనీ 2009లో జాద్ అనే సేవను మొదలుపెట్టింది. మొగదిషు కేంద్రంగా పనిచేసే హోర్ముద్ 2011లో ఈవీసీ ప్లస్‌ను తెచ్చింది. వీటికి స్మార్ట్‌ఫోనూ అక్కరలేదు, ఇంటర్నెట్టూ అక్కరలేదు. మామూలు కీప్యాడ్ ఫోనులో స్టార్ గుర్తుతో మొదలయ్యే ఒక కోడు, అవతలివారి నంబరు, పంపవలసిన మొత్తం, చివర హాష్ గుర్తు నొక్కి, రహస్య సంఖ్య ఇస్తే చాలు, కాసేపటికే డబ్బు చేరినట్టు మెసేజీ వస్తుంది. ఖాతా డాలర్లలో ఉంటుంది. ఒక వినియోగదారు మరొకరికి పంపినందుకు రుసుము లేదు. కంపెనీకి లాభమల్లా ఖాతాదారు తన నెట్‌వర్కును వదలకుండా ఉండటమే. అమెరికా నాణేలు దొరకని చోట డాలరు నోటుతో అరటిపళ్లు కొంటే చిల్లర ఎక్కడి నుంచి వస్తుంది? ఫోనులోనైతే ఇరవై సెంట్లు కూడా పంపవచ్చు. టీ కొట్టు, కూరగాయల బండి, మేకల సంత, అద్దె ఇల్లు అన్నీ ఈ దారిలోకి రావడానికి ఈ చిల్లర సౌకర్యం పెద్ద కారణం. దోపిడీ భయంతో నోట్ల కట్ట దాచుకుని ప్రయాణించవలసిన అవసరం తప్పడం రెండో కారణం.

అయితే ఈ సేవ శూన్యంలో నుంచి పుట్టలేదు. అంతకు ముందే సోమాలీలకు హవాలా ఉంది, అంటే బ్యాంకు లేకుండా వ్యాపారుల నమ్మకం మీద డబ్బు చేరవేసే పద్ధతి. గల్ఫ్ వలసలున్న తెలుగు జిల్లాల్లో ఈ మాట కొత్తది కాదు గానీ, మన దగ్గర అది చట్టానికి కళ్లుగప్పి సాగే వ్యవహారం, అక్కడ మాత్రం అది దేశపు జీవనాడి. లండన్‌లోనో మినియాపొలిస్‌లోనో కట్టిన డబ్బు సోమాలియాలోని మారుమూల ఊరికి చేరేది. తీసుకునే మనిషికి గుర్తింపు కార్డు లేకపోతే తండ్రి పేరు, తాత పేరు, వంశం చెప్పించి, తెలిసినవారి చేత సాక్ష్యం ఇప్పించి డబ్బు ఇచ్చేవారు. అంటే రాజ్యం కూలినా బంధుత్వం మీద, వ్యాపారి మాట మీద నిలిచిన విశ్వాసం కూలలేదు. టెలికాం కంపెనీలు ఆ విశ్వాసాన్నే ఫోనులోకి తెచ్చాయి. బయటి దాతలు ఈ సంగతిని తరచుగా మరచిపోతారు. సోమాలియాలో సాంకేతికత ఇంత బలంగా వేళ్లూనుకోవడానికి ముఖ్య కారణం, అక్కడివారికి అప్పటికే ఉన్న ఒక పద్ధతిని అది సులభం చేయడమే.

ఈ జీవనాడిని బయటివారు తెంచిన సందర్భం కూడా ఉంది. 2001 నవంబరులో అమెరికా ప్రభుత్వం ఉగ్రవాదులకు నిధులు చేరవేస్తోందన్న ఆరోపణతో అల్-బరకాత్ అనే సంస్థ ఆస్తులను స్తంభింపజేసింది. అది అప్పటి సోమాలియాలో పెద్ద హవాలా సంస్థ, టెలికాం సేవలు కూడా నడిపేది. సెప్టెంబరు 11 దాడులకు ఆ సంస్థ నిధులు అందించిందనడానికి ఆధారం లేదని అమెరికా విచారణ సంఘం అధికారులే తరువాత తేల్చారు. 2013లో బ్రిటన్‌కు చెందిన బార్క్లేస్ బ్యాంకు, దహాబ్‌షీల్ సహా అనేక నగదు బదిలీ సంస్థల ఖాతాలు మూసివేయాలని నిర్ణయించింది. చివరి మైలు ఎంత ఆధునికంగా ఉన్నా, మొదటి మైలు లండన్‌లోని ఒక బ్యాంకు నిర్ణయం మీద ఆధారపడి ఉంటే ఊళ్లో ఉన్న తల్లికి నెల డబ్బు ఆగిపోతుంది. బలహీన రాజ్యపు సాంకేతికత గురించి మాట్లాడేటప్పుడు ఆ రాజ్యపు సరిహద్దుల లోపలే చూడటం సరిపోదు.

ఇక ఈ విజయానికి ఉన్న లోటుపాట్లు. చాలా ఏళ్ల పాటు ఒక కంపెనీ ఫోను నుంచి మరో కంపెనీ ఫోనుకు మాట్లాడటానికే వీలుండేది కాదు. అందుకే జనం రెండు మూడు సిమ్‌లు పెట్టుకునేవారు. కంపెనీలను కలవమని ఆజ్ఞాపించే నియంత్రణ సంస్థ లేదు. టెలికాం చట్టం 2017లో గానీ రాలేదు. ఖాతాలో కనిపించే ప్రతి డాలరుకూ సరిపడా సొమ్ము కంపెనీ ఎక్కడ దాచిందో చూసే అధికారి కూడా అంతవరకు లేడు. మొబైల్ చెల్లింపుల నిబంధనలను కేంద్ర బ్యాంకు 2019లో రూపొందించి, మొదటి లైసెన్సును 2021 ఫిబ్రవరిలో హోర్ముద్‌కు ఇచ్చింది. దాదాపు పదేళ్ల పాటు జనం తమ పొదుపును రాజ్యం హామీ లేకుండా ఒక ప్రైవేటు కంపెనీ కంప్యూటరులో దాచుకున్నారన్న మాట. కంపెనీ నిలబడింది కాబట్టి ఇది విజయగాథ అయింది. దివాలా తీసి ఉంటే ఆ పొదుపుకు జవాబు చెప్పే గడప దేశంలో ఒక్కటి కూడా ఉండేది కాదు.

2017 జూన్ చివరలో ఒక సరుకుల ఓడ సముద్రగర్భ కేబులును తెంపినప్పుడు మొగదిషుతో సహా దక్షిణ, మధ్య సోమాలియాలో మూడు వారాలకు పైగా ఇంటర్నెట్ నిలిచిపోయింది. రోజుకు కోటి డాలర్ల నష్టమని మంత్రి ప్రకటించారు. తెగిన తీగను అతికించవచ్చు. అతికించలేనిది మరొకటి ఉంది. అల్-షబాబ్ తీవ్రవాద సంస్థ 2010లో మొబైల్ చెల్లింపులను నిషేధించింది, 2014 జనవరిలో తన ప్రాబల్యం ఉన్న చోట మొబైల్ ఇంటర్నెట్‌ను ఆపివేయమని కంపెనీలను ఆదేశించింది. ఆ తరువాత పరిస్థితి తిరగబడింది. అదే సంస్థ వ్యాపారుల నుంచి, రవాణా లారీల నుంచి పన్నులు వసూలు చేసి, ఆ సొమ్మును బ్యాంకు ఖాతాల్లోనూ మొబైల్ ఖాతాల్లోనూ తిప్పుతోందని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2020లో నివేదించింది. ముందు నిషేధించినవారే పిదప వాడుకోవడంలో ఆశ్చర్యం లేదు. సులభంగా డబ్బు పంపే దారి అందరికీ సులభమే, బెదిరించి వసూలు చేసేవాడికి కూడా.

బలహీన రాజ్యాలు సాంకేతికత వల్ల అన్నిటికంటే తొందరగా లాభపడిన రంగం జీతాల చెల్లింపు. సైనికుడికీ, పోలీసుకూ, నర్సుకూ నెల తిరిగేసరికి జీతం అందకపోతే మిగిలిన అభివృద్ధి ప్రణాళికలన్నీ కాగితం మీదే ఉంటాయి. అఫ్గానిస్థాన్‌లో రోషన్ టెలికాం కంపెనీ 2008లో మొబైల్ చెల్లింపులు ప్రారంభించాక, 2009లో వార్దక్ రాష్ట్రంలో కొద్దిమంది పోలీసులకు ప్రయోగాత్మకంగా జీతాన్ని ఫోనుకే పంపారు. వారిలో కొందరు తమకు జీతం పెరిగిందనుకున్నారు. పెరగలేదు. అంతవరకు పై అధికారుల చేతుల మీదుగా నగదు వచ్చేటప్పుడు దారిలోనే సుమారు మూడో వంతు మాయమయ్యేది, ఇప్పుడు అది పూర్తిగా చేతికి అందింది. జాబితాలో కనీసం పదో వంతు పేర్లు అసలు లేని పోలీసులవని కూడా అదే సమయంలో బయటపడింది. తనకు రావలసిన జీతం ఎంతో ఆ పోలీసుకు మొదటిసారి తెలిసిన రోజు అది. పూర్తి జీతం అందిన మనిషి దారిలో లారీ ఆపి లంచం అడగవలసిన అవసరం కొంతైనా తగ్గుతుంది. రాజ్యం మీద ప్రజల నమ్మకం ఇలాంటి చోటే మొదలవుతుంది.

సియెరా లియోన్‌లో ఎబోలా వ్యాపించినప్పుడు ఈ విషయం ఇంకా తీక్షణంగా తెలిసివచ్చింది. 2014 నవంబరులో కెనెమా పట్టణంలో, ప్రమాద భత్యం అందని ఖనన సిబ్బంది సమ్మెకు దిగి 15 మృతదేహాలను ఆసుపత్రి దగ్గర వదిలివెళ్లారు. ముట్టుకుంటే ప్రాణం పోయే శవాలను పూడ్చే పని చేస్తున్నవారికి వారాల తరబడి డబ్బు ఇవ్వకపోతే వారిని నిందించే హక్కు ఎవరికీ లేదు. ఆ ఏడాది చివరి నుంచి చెల్లింపులను మొబైల్ ఫోనులకు మార్చారు. నెలకు పైగా పట్టే చెల్లింపు వారానికి తగ్గింది, సమ్మెలు ఆగిపోయాయి, ఒకే మనిషి పేరు రెండుచోట్ల ఉండటం వంటివి తొలగించడంతో కోటి డాలర్లకు పైగా ఆదా అయిందని తరువాతి అంచనా. ఇక్కడ గమనించవలసినది, దేశంలో అప్పటికే మొబైల్ కంపెనీలూ ఏజెంట్లూ ఉన్నారు. కొత్తగా చేసిందల్లా పనిచేసేవారి జాబితాను సరిచేసి, ఫిర్యాదు వస్తే చూసే మనుషులను నియమించి, ఉన్న దారిలోనే డబ్బు పంపడం.

జాబితా సరిచేయడం, ఫిర్యాదు చూడటం అన్న రెండు మాటలు చిన్నవిగా కనిపిస్తాయి. తెలుగు పాఠకులకు వీటి విలువ అనుభవంలో ఉన్నదే. 2010 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీలకూ పింఛనుదారులకూ బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులతో చెల్లింపులు జరిగినప్పుడు, ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాల్లో దాని ఫలితాలను పరిశీలించి, కూలి త్వరగా అందిందనీ మధ్యలో జారిపోయే సొమ్ము తగ్గిందనీ నిరూపించారు. ఆ ఫలితం ఒక్క కార్డు వల్ల వచ్చిందనుకోవడం పొరపాటు. దాని వెనుక మస్టరు రోళ్లు ఉన్నాయి, గ్రామసభలో పేర్లు చదివి వినిపించే సామాజిక తనిఖీ ఉంది, మండల కార్యాలయం, కోర్టు, పత్రికా విలేకరి, అయిదేళ్లకోసారి ఓటు ఉన్నాయి. వేలిముద్ర పడకపోతే వెళ్లి అడగడానికి ఒక గుమ్మం ఉంది. ఆ గుమ్మం మంచిగా పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. అసలు గుమ్మమే లేని దేశాలకు ఆ కార్డును మాత్రమే తీసుకుపోయి అదే ఫలితం ఆశించడం అన్యాయం.

ఆ అన్యాయం ఎంత దూరం పోగలదో అఫ్గానిస్థాన్ చూపింది. వార్దక్ ప్రయోగంలో కనిపించిన దొంగ పేర్ల సమస్యకు పరిష్కారంగా, అమెరికా డబ్బుతో 2016లో సైన్యానికీ పోలీసులకూ కలిపి ఒక సిబ్బంది, జీతాల డేటాబేస్ తయారైంది. ఉద్దేశంలో తప్పు పట్టలేం. కానీ అందులో సుమారు అయిదు లక్షల మంది వివరాలు, ఒక్కొక్కరికి కనీసం నలభై అంశాల చొప్పున చేరాయి. పేరు, పుట్టిన తేదీ, వేలిముద్రలతో ఆగలేదు. తండ్రి, తాత, ఇతర దగ్గరి బంధువుల పేర్లు, ఉద్యోగంలో చేరేటప్పుడు పూచీకత్తు ఇచ్చిన ఊరి పెద్దల పేర్లు, చివరికి ఇష్టమైన పండు, ఇష్టమైన కూరగాయ కూడా నమోదు చేశారు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి వచ్చేనాటికి ఈ వివరాలు అక్కడే ఉన్నాయి. అమెరికా సైన్యం వాడిన, కనుపాపనూ వేలిముద్రనూ చదివే చేతి యంత్రాలు కొన్ని తాలిబాన్ల చేతికి చిక్కాయని వార్తలు వచ్చాయి. బయోమెట్రిక్ సమాచారం వారి నియంత్రణలోకి వెళ్లడం వల్ల వేలాది అఫ్గాన్ల ప్రాణాలకు ముప్పు ఏర్పడిందని 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ హెచ్చరించింది.

పూచీకత్తు పెద్దల సంగతి కాస్త ఆలోచించి చూడండి. ఆ ఊరి పెద్ద తుపాకీ పట్టలేదు, జీతం తీసుకోలేదు. ఊళ్లో కుర్రవాడి నడవడి గురించి ఒక మంచి మాట చెప్పాడు, అంతే. కాగితం మీద ఉండి ఉంటే ఆ మాట ఏ జిల్లా కార్యాలయం బీరువాలోనో చెదలు పట్టిపోయేది. డేటాబేస్‌లోకి ఎక్కినందున అది వెతికితే దొరికే సాక్ష్యమైంది. జీతం ఇవ్వడానికి తాత పేరు అవసరమా అని రూపకర్తల్లో ఎవరైనా ఒకరు గట్టిగా అడిగి ఉంటే, ఈ ముప్పులో పెద్ద భాగం తప్పి ఉండేది. సుస్థిరమైన దేశంలో ప్రభుత్వం మారితే మంత్రులు మారతారు. బలహీన దేశంలో ప్రభుత్వం మారడమంటే పాత ప్రభుత్వం దగ్గరున్న జాబితా దాని శత్రువు చేతికి పోవడం. అక్కడ డేటాబేస్ రూపొందించేవారు మొదటి రోజునే ఈ పతనాన్ని ఊహించుకుని పని మొదలుపెట్టాలి. చెరిపివేసే అధికారం ఎవరికి, ఎంత సమయంలో, కరెంటు లేకపోయినా అది సాధ్యమా అన్నవి ఇంజినీరింగు ప్రశ్నలే.

శరణార్థుల నమోదులోనూ ఇదే కథ వేరే రూపంలో కనిపిస్తుంది. బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శరణార్థుల దగ్గర 2018 నుంచి సేకరించిన వివరాలను బంగ్లాదేశ్ ప్రభుత్వం, వారు పారిపోయి వచ్చిన మయన్మార్‌కే అందజేసిందని, అందులో కనీసం 8,30,000 మంది పేర్లున్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ 2021 జూన్‌లో బయటపెట్టింది. వివరాలు పంచుకోవడానికి సమ్మతిని విడిగా అడిగామని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెప్పింది. రేషను కార్డు కోసం వరుసలో నిలబడి, వెనుక ఆకలితో పిల్లలున్న మనిషి ఇచ్చే సమ్మతికి ఎంత బరువు ఉంటుందో ఎవరికి వారు తేల్చుకోవచ్చు. యెమెన్‌లో 2019లో బయోమెట్రిక్ నమోదు మీద, రాజధాని సనాను ఏలుతున్న హూతీ తిరుగుబాటుదారులకూ ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమానికీ తగాదా వచ్చి, సనా ప్రాంతంలో 8,50,000 మందికి కొంతకాలం ఆహార సహాయం ఆగిపోయింది. సహాయం దారి మళ్లకుండా ఉండటానికి వేలిముద్ర కావాలని సంస్థ పట్టుబట్టింది, ఆ సమాచారం తమ అధీనంలో ఉండాలని పాలకులు పట్టుబట్టారు. జాబితాకు ఉన్న అధికారం ఎంతటిదో రెండు పక్షాలకూ బాగా తెలుసు.

మళ్లీ సోమాలియాకు వస్తే, కరువు బాధితులకు బియ్యం బస్తాలకు బదులు ఫోనుకు నగదు పంపే పద్ధతి అక్కడ బాగా విస్తరించింది. లారీల మీద దాడులు తప్పాయి, గోదాముల్లో దొంగతనం తగ్గింది, కుటుంబం తనకు కావలసినది కొనుక్కోగలిగింది. 2011 నాటి కరువులో సుమారు 2,60,000 మంది చనిపోయిన దేశానికి ఇది చిన్న మార్పు కాదు. అయితే 2023 సెప్టెంబరులో వెలుగులోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి విచారణ మరో నిజం చెప్పింది. నిరాశ్రయుల శిబిరాల్లో భూస్వాములు, స్థానిక అధికారులు, భద్రతా సిబ్బంది, కొందరు సహాయ సంస్థల ఉద్యోగులు సైతం బాధితుల నుంచి డబ్బు గుంజుతున్నారు. కొందరు తమకు వచ్చిన నగదులో సగం వరకు ఇచ్చుకోవలసి వచ్చింది. ఇవ్వకపోతే శిబిరం నుంచి వెళ్లగొడతామని, పోలీసులకు పట్టిస్తామని, జాబితాలో పేరు కొట్టేస్తామని బెదిరింపు. ఆ తరువాత యూరోపియన్ యూనియన్ సోమాలియాలో ప్రపంచ ఆహార కార్యక్రమానికి ఇచ్చే నిధులను తాత్కాలికంగా నిలిపివేసింది.

ఇక్కడ ఫోను తన పనిని నూటికి నూరు పాళ్లు సరిగ్గా చేసింది. పంపిన సొమ్ము, చేరవలసిన మనిషికే, ఒక్క సెంటు తగ్గకుండా చేరినట్టు కంప్యూటరులో పద్దు ఉంది. దోపిడీ ఆ పద్దు ముగిసిన తరువాత, గుడారం ముందు జరిగింది. నగరంలోని కార్యాలయంలో డాష్‌బోర్డు చూసే అధికారికి అది కనిపించే వీలే లేదు. అందువల్ల ఇలాంటి కార్యక్రమాల్లో ఖర్చు పెట్టవలసిన తరువాతి రూపాయి కొత్త యాప్ మీద కాకుండా, శిబిరానికి వెళ్లి, శిబిరం పెద్ద లేనప్పుడు ఆడవాళ్లతో వారి భాషలో మాట్లాడి, చెప్పినవారి పేరు బయటకు రాకుండా చూసే మనుషుల మీద పెట్టాలని నా అభిప్రాయం. మన సామాజిక తనిఖీ బృందాల అనుభవం ఇలాంటి చోట పనికివస్తుంది, కాకపోతే అక్కడ గ్రామసభలో బహిరంగంగా చదవడం ప్రాణాపాయం కాబట్టి పద్ధతి మార్చుకోవాలి.

సోమాలియా 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో, మూడు దశాబ్దాల విరామం తరువాత, జాతీయ గుర్తింపు కార్డుల జారీని మొదలుపెట్టింది. ఖాతాదారు ఎవరో తెలియకుండా మొబైల్ ఖాతాలను క్రమబద్ధం చేయడం కష్టం కాబట్టి కార్డు కావాలి. బ్యాంకు రుణానికి, పాస్‌పోర్టుకు, ఎన్నికల జాబితాకు కూడా కావాలి. అయితే ఆ దేశంలో పగలు ప్రభుత్వ పట్టణంలో సరుకు అమ్మి సాయంత్రానికి అల్-షబాబ్ అదుపులో ఉన్న పల్లెకు తిరిగి వెళ్లే రైతులున్నారు. కార్డు జేబులో పెట్టుకోవలసి వస్తుందా, సంఖ్య గుర్తుంటే చాలా? కార్డులో వంశం పేరు తెలిసిపోతుందా? జీతాల విభాగం, పోలీసు విభాగం, సహాయ సంస్థ ఒకే డేటాబేస్‌లోకి చూడగలవా, లేక ఎవరికి అవసరమైన ఒక్క అంశం వారికి చూపితే సరిపోతుందా? తప్పు పడితే ఆ రైతు ఏ ఊళ్లో, ఎవరి దగ్గర సరిచేయించుకోవాలి? ఆ కార్డుకు నిధులిచ్చే ప్రతి దాతా డబ్బు విడుదల చేసే ముందే ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి, ఆ జవాబును సోమాలీ భాషలో రేడియోలో చదివించాలి.